వేసవి, మిద్దె, కరెంటు బిల్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచే ఉన్నాయి. రోహిణి కార్తె ఎండల్లో రాసిన ఉత్తరాలు కాబట్టి, వాటిలో చాలావరకు కరెంటు బిల్లు గురించి, పగలూ రాత్రీ ఉడికిపోయే గదుల గురించి ఉండటంలో ఆశ్చర్యం లేదు. ఒకే సంగతిని అడిగిన ఉత్తరాలను కలిపి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న (నెల్లూరు నుంచి ఒక పాఠకుడు): మార్చిలో మా ఇంటికి 200 యూనిట్లు కాలింది. ఏప్రిల్‌లో కొత్తగా ఏసీ పెట్టించుకున్నాము. మే నెలలో 400 యూనిట్లు వచ్చింది. యూనిట్లు రెట్టింపు అయితే బిల్లు కూడా రెట్టింపు కావాలి గానీ, దాదాపు మూడు రెట్లు ఎందుకు వచ్చింది? మీటరు పాడైందేమోనని మా నాన్నగారి అనుమానం.

జవాబు: మీటరును అనుమానించే ముందు స్లాబుల లెక్క చూడండి. గృహ వినియోగానికి 2022–23 టారిఫ్‌తో మన రాష్ట్రంలో వచ్చిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు రూ.1.90, 31 నుంచి 75 వరకు రూ.3, 76 నుంచి 125 వరకు రూ.4.50, 126 నుంచి 225 వరకు రూ.6, 226 నుంచి 400 వరకు రూ.8.75, ఆపైన కాలిన ప్రతి యూనిట్‌కు రూ.9.75 పడుతుంది. ఈ లెక్కన 200 యూనిట్లకు రూ.867 అయితే, 400 యూనిట్లకు రూ.2,548 అవుతుంది. మొదటి 200 యూనిట్లకు కట్టినదానికి దాదాపు రెట్టింపు సొమ్మును మీరు రెండో 200 యూనిట్లకు కట్టారన్నమాట. స్థిర చార్జీ, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు చార్జీ దీనికి అదనం.

ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. మీరు పొదుపు చేసే యూనిట్ ఎప్పుడూ పై స్లాబులో నుంచే తగ్గుతుంది కాబట్టి, 400 నుంచి 350కి దిగితే రూ.437 మిగులుతుంది, అదే 50 యూనిట్లను నెలకు 120 యూనిట్లు కాల్చే ఇల్లు పొదుపు చేస్తే అందులో సగం కూడా మిగలదు. అందువల్ల ఈ శీర్షికలో మేము చెప్పే ఖర్చులు ఎవరికి గిట్టుబాటు అవుతాయన్నది ముందుగా వారి బిల్లు ఏ స్లాబు దాకా వెళ్తోందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

మీ నాన్నగారి అనుమానం తీరడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఇంట్లో అన్ని స్విచ్‌లూ ఆపి, ఫ్రిజ్, టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఇన్వర్టరు ప్లగ్గులు కూడా తీసివేసి, మీటరు మీద మినుకుమినుకుమనే చిన్న ఎర్ర దీపాన్ని పది నిమిషాలు గమనించండి. అది మినకకుండా ఉంటే ఎక్కడా కరెంటు కారడం లేదని అర్థం. మినుకుతూ ఉంటే ముందు ఇంటి వైరింగును ఎలక్ట్రీషియన్‌కు చూపించి, ఆ తరువాత మీటరు సంగతి చూడవచ్చు.

ఏసీ విషయానికి వస్తే, ఒకటిన్నర టన్ను ఏసీ సగటున గంటకు ఒక యూనిట్ చొప్పున రోజుకు ఏడెనిమిది గంటలు నడిస్తే నెలకు 200 యూనిట్లు దాటడం మామూలే. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తు ఉన్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారవుతున్నాయి. ఆ 24ను అలవాటుగా 20కి దించేవాళ్లే ఎక్కువ. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ అంచనా. 26 డిగ్రీల దగ్గర పెట్టి, ఫ్యానును చిన్న వేగంతో తిప్పుకుంటే శరీరానికి తెలిసే చల్లదనంలో పెద్దగా తేడా ఉండదు. ఫిల్టరును పదిహేను రోజులకొకసారి కుళాయి కింద కడిగి, ఆరబెట్టి పెట్టుకోండి. బయటి యూనిట్ చుట్టూ గాలి ఆడాలి. మైపాడు, కోడూరు వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో దాని రెక్కల మీద ఉప్పు పేరుకుంటుంది కాబట్టి మంచినీటితో అప్పుడప్పుడు కడిగించడం అవసరం.

ప్రశ్న (ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు): మాది పై అంతస్తు. ఏసీ ఎంతసేపు వేసినా గది చల్లబడదు. రాత్రి పదకొండుకు కట్టేస్తే అరగంటలో మళ్లీ ఉడుకు మొదలవుతుంది. కింది అంతస్తులో మా అత్తగారి గదిలో ఉత్త ఫ్యానుతోనే నిద్ర పడుతుంది. షాపులో అడిగితే ఒకటిన్నర టన్ను చాలదు, రెండు టన్నులది తీసుకోమంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: తీసుకోవద్దమ్మా. మీ ప్రశ్నలోనే జవాబు ఉంది: ఒకే ఊరు, ఒకే ఇల్లు, ఒకే ఎండ, అత్తగారి గదికీ మీ గదికీ ఉన్న తేడా మీ నెత్తిన ఉన్న స్లాబు. రాత్రి తొమ్మిది గంటలకు ఒక స్టూలెక్కి స్లాబు అడుగున అరచెయ్యి ఆనించి చూడండి. సూర్యాస్తమయమై రెండు గంటలు దాటినా అది వెచ్చగానే తగులుతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా పీల్చుకున్న వేడిని కొన్ని గంటలు ఆలస్యంగా, సరిగ్గా మీరు పడుకునే వేళకు గదిలోకి వదులుతుంది. ఫ్యాను ఆ వేడిగాలినే కిందికి తోస్తుంది. ఏసీ గదిలోని గాలిని చల్లబరచడంతో పాటు ఆ స్లాబుతో కూడా పోరాడుతూ ఉంటుంది. రెండు టన్నుల ఏసీ పెడితే ఆ పోరాటానికి ఇంకొంత పెద్ద బిల్లు కట్టడమే అవుతుంది.

మన ప్రాంతానికి ఈ బాధ మరీ ఎక్కువ కావడానికి కారణం ఉంది. నెల్లూరు, ఒంగోలు భూమధ్యరేఖకు 14, 15 డిగ్రీల ఉత్తరాన ఉన్నాయి. సూర్యుడు ఏప్రిల్ నెలాఖరు, మే మొదటి రోజుల్లో మనకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ తరువాత కొంచెం ఉత్తరానికి జరిగి, మళ్లీ ఆగస్టు మొదటి పక్షంలో నడినెత్తికి వస్తాడు. అందువల్ల ఎండలు ముదిరిన రోజుల్లో మధ్యాహ్నపు ఎండ దక్షిణపు గోడకు దాదాపు తగలదు, మిద్దె మాత్రం నిట్టనిలువునా కాలుతుంది. మట్టిరంగుకు తిరిగిన పాత కాంక్రీటు మిద్దె ఉపరితలం ఆ వేళ 60 డిగ్రీలు దాటడం అసాధారణమేమీ కాదు. చెప్పులు లేకుండా వడియాలు తీయడానికి వెళ్లినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

చేయవలసిన పని మిద్దెను తెల్లగా మార్చడం. అన్నిటికంటే చవకైన దారి సున్నం. ముందు మిద్దెను ఊడ్చి, కడిగి, పగుళ్లు ఉంటే పూడ్చాలి. నీరు కారే మిద్దె మీద ఏ పూత వేసినా డబ్బు దండగ. మంచి గుల్ల సున్నాన్ని నీళ్లలో నానబెట్టి, గుడ్డతో వడగట్టి, చెక్కపనికి వాడే తెల్ల జిగురు కొంచెం కలిపి, ఒకటి ఆరాక మరొకటిగా రెండు మూడు పూతలు వేయించండి. కళ్లలో పడకుండా జాగ్రత్త పడాలి. దీనికి సరైన కాలం సంక్రాంతి వెళ్లాక, శివరాత్రి లోపల. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కాబట్టి, దసరాకు వేసిన సున్నం కార్తీకం తిరిగేసరికి తూముల్లో కలిసిపోతుంది. మాఘంలో వేసినది మాత్రం వేసవి మొత్తం నిలబడుతుంది. ఏటేటా వేయించే ఓపిక లేకపోతే, ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింట్లు దొరుకుతున్నాయి. అవి సున్నం కంటే ఖరీదే గానీ కొన్నేళ్లు ఉంటాయి. తెల్ల టైల్స్ గానీ, పగిలిన తెల్ల పింగాణీ ముక్కలు గానీ పరిపిస్తే ఇంకా ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే తూము వైపు వాటం తప్పకుండా మంచి మేస్త్రీతో చేయించాలి. ఏది వేసినా దుమ్ము పట్టి మాసిపోతే సగం ప్రయోజనం పోతుంది, కాబట్టి వేసవిలో నెలకొకసారైనా మిద్దె కడగండి.

మిద్దె మీద కొబ్బరాకుల పందిరి, షేడ్‌నెట్, పక్కలు తెరిచిన రేకుల కప్పు, ఇవి కూడా మంచివే. నీడకూ స్లాబుకూ మధ్య గాలి ఆడటమే వాటిలోని కిటుకు. పందిరికి నిప్పు భయం, రేకులకు తుపాను భయం ఉన్నాయని మాత్రం మరచిపోవద్దు. సాయంత్రం మిద్దె మీద బిందెలతో నీళ్లు కుమ్మరించే అలవాటు మన ఊళ్లలో ఉంది, చల్లబడుతుంది, నిజమే. నీళ్లు కొనుక్కునే ఊళ్లో దాన్ని మేము సలహాగా చెప్పలేము, పైగా పాత స్లాబుకు ఆ తడి మంచిది కాదు.

మిద్దె పని పూర్తయ్యాక ఒక వారం ఇప్పుడున్న ఏసీతోనే గడిపి చూడండి. అప్పటికీ చాలకపోతే టన్నుల మాట ఎత్తవచ్చు. గది రెండు మూడు డిగ్రీలు తగ్గినా మీకు తెలుస్తుంది, మీటరుకూ తెలుస్తుంది.

ప్రశ్న (ఉదయగిరి నుంచి ఒక పాఠకుడు): నెల్లూరులో ఉండే మా బావగారు కూలరు దండగ, జిడ్డు తప్ప ఏమీ రాదంటున్నారు. మా ఇంటి పక్కవాళ్లు కూలరుతోనే హాయిగా ఉన్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరూ తాము అనుభవించినదే చెబుతున్నారు. కూలరు పనిచేసేది నీరు ఆవిరి కావడం వల్ల. గాలి పొడిగా ఉంటే నీరు వేగంగా ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరి కాదు, ఉన్న ఉక్కపోతకు ఇంకొంత తేమ కలుస్తుంది. ఉదయగిరి, కనిగిరి, మార్కాపురం వంటి మెట్ట ఊళ్లలో వేసవి గాలి పొడిది కాబట్టి, 150 నుంచి 200 వాట్లతో నడిచే కూలరు ఏసీకి అయ్యే కరెంటులో చిన్న భాగంతో మీ అవసరం తీరుస్తుంది. నెల్లూరు సంగతి వేరు. అక్కడ పడమటి గాలి వీచే మధ్యాహ్నం కూలరు బాగానే పనిచేస్తుంది. సాయంత్రం సముద్రం మీద నుంచి తూర్పు గాలి తిరిగిందంటే అదే కూలరు గదిని తడిగుడ్డ కప్పినట్టు చేస్తుంది. మీ బావగారు కూలరును రాత్రిపూట వాడి ఉంటారు.

కూలరు పెట్టేటప్పుడు చాలామంది తలుపులు, కిటికీలు ఏసీకి మూసినట్టే మూసేస్తారు. అది పొరపాటు. కూలరు కిటికీలో బయటి గాలిని పీల్చేలా ఉండాలి, దానికి ఎదురుగా మరో కిటికీ కొంచెం తెరిచి ఉండాలి. లోపలి తేమగాలికి బయటికి దారి లేకపోతే గంటలో ఉక్క మొదలవుతుంది. మీ వైపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి ప్యాడ్ల మీద తెల్లగా గట్టిపడుతుంది. వారానికొకసారి తొట్టి నీళ్లు పూర్తిగా పారబోసి, కడిగి నింపండి. కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లే పాత పద్ధతి కూడా ఈ సూత్రం మీదే నడిచేది. దానికి కరెంటు అక్కరలేదు, గాలి వీచే ఊళ్లో ఇప్పటికీ పనికి వస్తుంది.

ప్రశ్న (కావలి నుంచి ఒక పాఠకురాలు): మా ఇంట్లో అయిదు ఫ్యాన్లు ఉన్నాయి, అన్నీ పాతవే. బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్లు కొంటే కరెంటు సగానికి తగ్గుతుందంటున్నారు. అన్నీ మార్చాలా?

జవాబు: అన్నీ ఒకేసారి మార్చనక్కరలేదు. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యానును మార్చితే నెలకు సుమారు 20 యూనిట్లు మిగులుతాయి. ఆరు రూపాయల స్లాబులో అది రూ.120. కొత్త ఫ్యాను మూడు వేల రూపాయలు అనుకుంటే రెండేళ్లకు కాస్త అటూ ఇటూగా ఖర్చు తిరిగి వస్తుంది. రాత్రంతా తిరిగే పడకగది ఫ్యాను, పగలంతా తిరిగే హాలు ఫ్యాను ముందు మార్చండి. వంటింటిలోనో దేవుడి గదిలోనో రోజుకు గంట తిరిగే ఫ్యానును అది చెడిపోయేదాకా కదిలించవద్దు. ఈ ఫ్యాన్లను పాత రెగ్యులేటరు మీద నడపకూడదు; బిగించేటప్పుడు ఎలక్ట్రీషియన్‌తో రెగ్యులేటరును తప్పించి నేరుగా స్విచ్‌కు కలిపించండి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ గుర్తు తప్పనిసరి అయింది కాబట్టి లేబుల్ చూసి కొనండి. గదిలో మనిషి లేనప్పుడు తిరిగే ఫ్యాను ఏ రకమైనా దండగే, ఎందుకంటే ఫ్యాను చల్లబరిచేది చెమట పట్టిన ఒంటిని, గదిని కాదు.

ప్రశ్న (కోవూరు నుంచి ఒక పాఠకుడు): పాత ఇంటిని పడగొట్టి కొత్త ఇల్లు కట్టబోతున్నాము. పాతది మా తాతగారు కట్టించిన మద్రాసు మిద్దె. ఆ ఇంట్లో వేసవిలో కూడా చల్లగా ఉండేది. కొత్త ఇంట్లో కరెంటు ఖర్చు తగ్గాలంటే ప్లానులోనే ఏమి చూసుకోవాలి?

జవాబు: పడగొట్టే ముందు ఆ మిద్దెను ఒకసారి పరిశీలనగా చూడండి. టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా పేర్చి, సున్నంతో కలిపి, పైన ఇటుక ముక్కలు, సున్నం దట్టించి, ఆపైన పలక ఇటుకలు పరిచేవారు. మందమైన గోడలు, ఎత్తైన కప్పు, వేడిని నెమ్మదిగా దింపే ఆ పొరలు కలిసి పగటి వేడిని ఆపేవి. అప్పట్లో రాత్రి ఆరుబయట పడుకునేవారు కాబట్టి ఇల్లు రాత్రి వేడిని వదిలినా ఎవరికీ బాధ లేకపోయింది. ఇప్పుడు అందరం లోపలే పడుకుంటున్నాము. అందుకే అదే పనిని స్లాబు పైన వేడిని ఆపే పొర, దాని మీద తెల్ల టైల్స్ వేసి సాధించాలి. ఈ ఖర్చు కట్టేటప్పుడే పెట్టుకుంటే తక్కువలో అయిపోతుంది.

తరువాతి శత్రువు పడమటి గోడ. మధ్యాహ్నం రెండు నుంచి అయిదున్నర దాకా ఎండ దాని మీద పడుతుంది, దూరాన వాలే సూర్యుడికి రెండడుగుల సన్‌షేడు అడ్డం రాదు. మెట్లు, స్నానాలగది, సామాను గది అటు వైపు పెట్టించుకుంటే అవే అడ్డుగోడలవుతాయి. పెద్ద పడకగది నైరుతిలోనే ఉండాలని వాస్తు చెప్పేవారితో మేము వాదించము. అయితే నైరుతి గదికి పడమటి ఎండ తప్పదు కాబట్టి, ఆ గది పడమటి గోడను లోపల గాలి బుడగలుండే తేలికైన ఏఏసీ కాంక్రీటు దిమ్మెలతో గానీ, మధ్యలో గాలి ఖాళీ వదిలిన జంటగోడగా గానీ కట్టించి, బయట ఒక వేపచెట్టో కానుగ చెట్టో నాటించండి. పడమటి వైపు పెద్ద అద్దాల కిటికీలు వద్దు. చీమకుర్తి నల్ల గెలాక్సీ గ్రానైటు ఇంటి లోపల నేల మీద ఎంత అందమో, ఈ మధ్య కొందరు చేయిస్తున్నట్టు ఎండ పడే బయటి గోడకు తాపడం చేస్తే అంత ఇబ్బంది.

తూర్పున కిటికీలు ధారాళంగా పెట్టి, వాటికి ఎదురుగా పడమట చిన్న కిటికీలు, పైన వెంటిలేటర్లు పెట్టించండి. సాయంత్రం తిరిగే సముద్రపు గాలి కోవూరుకు బాగా అందుతుంది. ఆ గాలికి లోపలికి దారి, బయటికి దారి రెండూ ఉంటే ఏసీ వేసే వేళను చాలా రోజులు వెనక్కు నెట్టవచ్చు.

ప్రశ్న (ఒంగోలు నుంచి మరో పాఠకుడు): మాది అద్దె ఇల్లు, పై వాటా. మిద్దె మీద ఏమీ చేయించడానికి ఇంటివారు ఒప్పుకోవడం లేదు. మేము చేయగలిగినది ఏమైనా ఉందా?

జవాబు: సున్నం ఖర్చు మీరే పెట్టుకుంటానని, వానలకు అది కొట్టుకుపోతుందని ఇంటివారికి ఇంకొకసారి చెప్పి చూడండి, చాలామంది అభ్యంతరం ఖర్చు గురించే ఉంటుంది. అప్పటికీ కాదంటే కిటికీల సంగతి చూసుకోండి. పడమటి కిటికీకి లోపల పరదా వేయడం కంటే బయట వెదురు తడిక కట్టడం మేలు, ఎందుకంటే అద్దం దాటి లోపలికి వచ్చిన వేడిని పరదా తిరిగి పంపలేదు. ఉదయం పదింటికి కిటికీలు మూసి, తూర్పు గాలి తిరిగాక తెరవండి.

ప్రశ్న (బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఒక పాఠకురాలు): ఫ్రిజ్‌కు ఎక్కువ కరెంటు కాలుతోందని ఎలా తెలుసుకోవాలి?

జవాబు: తలుపు రబ్బరు మధ్య ఒక పది రూపాయల నోటు పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా ఊడి వస్తే ఆ రబ్బరు మార్పించాలి. వెనుక గోడకూ ఫ్రిజ్‌కూ మధ్య జానెడు ఖాళీ వదలండి. పొయ్యి పక్కన పెట్టవద్దు. చేపల పులుసు పొగలు కక్కుతుండగా లోపల పెట్టే తొందర కూడా వద్దు.

ప్రశ్న (కందుకూరు నుంచి ఒక పాఠకుడు): మిద్దె మీద సోలార్ పెట్టిస్తే బిల్లు సున్నా అవుతుందని ఏజెంట్లు వస్తున్నారు. మాకు నెలకు 150 యూనిట్లు కాలుతుంది. మూడు కిలోవాట్లు పెట్టమంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: పథకం నిజమైనదే. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం కింద కేంద్రం రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30,000 చొప్పున, మూడు కిలోవాట్లకు గానీ ఆపైన గానీ మొత్తం రూ.78,000 రాయితీ ఇస్తోంది. ఒక కిలోవాట్‌కు నీడ పడని స్థలం సుమారు 100 చదరపు అడుగులు కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున నెలకు 120 యూనిట్లు వస్తాయి. మీ వాడకానికి మూడు కిలోవాట్లు చాలా ఎక్కువ. పైగా మీ 150 యూనిట్లకు స్లాబుల లెక్కన అయ్యేది రూ.567 మాత్రమే, ఆ మొత్తాన్ని పూర్తిగా తప్పించుకున్నా, రాయితీ పోగా మీ చేతి నుంచి పడే ఖర్చు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. నెలకు 400 యూనిట్లు దాటే ఇంటికి మాత్రం ఇదే ఏర్పాటు బాగా గిట్టుతుంది, ఎందుకంటే వాళ్లకు మిగిలేది రూ.8.75, రూ.9.75 యూనిట్లు. ముందు ముందు ఏసీ కొనే ఆలోచన ఉంటే ఒక కిలోవాట్‌తో మొదలుపెట్టి, తరువాత పెంచుకునే వీలు ఉందేమో అడగండి.

ఏజెంట్లు సాధారణంగా చెప్పని సంగతి ఒకటి ఉంది. బ్యాటరీ లేకుండా నెట్ మీటరుతో (లైనుకు పంపిన కరెంటునూ, లైను నుంచి తీసుకున్న కరెంటునూ లెక్కగట్టే మీటరుతో) నడిచే సోలార్, లైను కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే సిబ్బందికి షాకు తగలకుండా అలా తయారు చేస్తారు. తుపాను రోజుల్లో రెండు రోజులు కరెంటు లేకపోతే మిద్దె మీద పలకలు ఉన్నా మీ ఇల్లు చీకటిగానే ఉంటుంది, కాబట్టి దాన్ని ఇన్వర్టరుకు బదులుగా అనుకోవద్దు. ఒప్పందం రాసుకునేటప్పుడు చట్రాన్ని స్లాబుకు ఎలా బిగిస్తారో, ఎంత గాలివేగానికి తట్టుకుంటుందో, రంధ్రాలు వేసిన చోట నీరు దిగకుండా ఏమి చేస్తారో కాగితం మీద రాయించుకోండి. నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పడిందన్న వార్త విన్న రోజున ఆ కాగితం కంటే ముందు బోల్టులు చూసుకోవలసి వస్తుంది కాబట్టి, ఏటా దసరా వేళకు వాటిని ఒకసారి బిగించే పని కూడా ఆ ఒప్పందంలోనే చేర్పించండి.